మాట మార్చుటకు ముందు

బొగ్గుగనుల బస్తీలలో నివసించువారికి పేరు విలువ మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఊరిలో ఒక పేరు, కంపెనీ పుస్తకములలో మరొక పేరు కలిగి సింగరేణి గనులలో పనిచేసిన కార్మికులున్నారు. ఆ మారుపేరు కారణముగా వారి వారసులకు ఉద్యోగము లభించుటలో చిక్కులు కలిగినవి. కాగితముపై ఒక్క మాట తేడా ఒక కుటుంబపు జీవనమునే తారుమారు చేయగలదు. నేడు ఆ కాగితములలో చాలభాగము కంప్యూటరులో ఫైళ్లుగా ఉన్నవి. ఫైళ్లలో ఒక మాటను వెదకి, దాని స్థానమున మరొక మాటను ఉంచు సాధనమును గూర్చి ఈ పూట ముచ్చటింతము.

దాని పేరు సెడ్. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో లీ మెక్‌మహన్ 1973, 74 ప్రాంతమున దీనిని రచించెను. దీనికి బొమ్మలు లేవు, మీటలు లేవు. తెరపై ఒక వరుస ఆజ్ఞను టైపు చేయవలెను. మొదట ఎస్ అను అక్షరము, ఒక ఏటవాలు గీత, వెదకవలసిన మాట, మరల గీత, క్రొత్త మాట, మరల గీత, చివర జి అను అక్షరము. ఆపైన ఫైలు పేరు. జి లేనిచో ప్రతి పంక్తిలోను మొదటి చోటు మాత్రమే మారును.

2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లా ఏర్పడినది. అంతవరకు కరీంనగర్ జిల్లాలోనున్న రామగుండము, గోదావరిఖని అందులో చేరినవి. మా ప్రసంగపాఠముల ఫైళ్లను సవరింపదలచి, 'కరీంనగర్ జిల్లా' అన్నచోటనెల్ల 'పెద్దపల్లి జిల్లా' అని ఒక్క ఆజ్ఞతో మార్చితిమి. క్షణములో పని ముగిసినది. చిరునామాలు చక్కబడినవి. కాని హుజూరాబాదు పెద్దపల్లి జిల్లాలోనికి వచ్చి కూర్చున్నది! అంతకన్న విచారకరమైన సంగతి మరొకటి. 1980 ప్రాంతపు గని జీవితమును చెప్పిన ఒక వృద్ధ కార్మికుని ముఖమున, ఆనాటికి పుట్టని జిల్లా పేరును మేమే పలికించితిమి. పాత ప్రతిని దాచి ఉంచలేదు. ధ్వనిముద్రణలను ఒక్కొక్కటిగా మరల విని దిద్దుకొనవలసి వచ్చినది.

యంత్రమునకు అక్షరములే గాని అర్థము తెలియదు. 'గోదావరి'ని 'గోదావరి నది'గా మార్చుమన్నచో, గోదావరిఖనిని 'గోదావరి నదిఖని' చేసి ఊరకుండును. మన తెలుగు విభక్తులతో మరొక చిక్కు కలదు. 'రామగుండం' అని వెదకినచో 'రామగుండంలో' దొరకును, 'రామగుండానికి' దొరకదు. కావున ఒక పేరునకు ఎన్ని రూపములున్నవో ముందుగా వ్రాసికొనవలెను.

జాగ్రత్తలు కష్టమైనవి కావు. మొదట గ్రెప్ అను సాధనముతో ఆ మాట ఉన్న పంక్తులనన్నిటిని తెరపైకి రప్పించి చదువవలెను. పిమ్మట సెడ్‌ను ఊరకనే నడిపినచో మార్పులు తెరపై కనబడునే గాని ఫైలు చెక్కుచెదరదు. చిన్న అడ్డగీతతో ఐ అను అక్షరమును చేర్చినప్పుడే ఫైలు నిజముగా మారును. లినక్సు యంత్రములలో ఆ ఐ ప్రక్కనే, నడుమ ఖాళీ లేకుండ, చుక్క పెట్టి బ్యాక్ అని చేర్చినచో పాత ప్రతి ఆ తోకపేరుతో భద్రముగా నిలుచును. తుదకు డిఫ్ అను సాధనముతో రెండు ప్రతులను పోల్చి చూచుకొనవచ్చును.

గనిలో దిగిన అనుభవజ్ఞుడు తట్ట పట్టుటకు ముందు కర్రతో పైకప్పును తట్టి, శబ్దమును విని, పిమ్మటనే పని మొదలుపెట్టును. ఆ తట్టుటకు పట్టు కాలమును ఆతడెన్నడును వృథా అనుకొనడు. మీ ఇంటిలో కంప్యూటరు నేర్చిన పిల్లలున్నచో, తాతగారి పేరున్న ఫైలును సవరించుటకు ముందు వారును అట్లే ఒకమారు తట్టి చూడవలెనని మా కోరిక.