తాటిచెట్టెక్కువారి రక్షణ కవచము

మన చెన్నూరునందైనను, మరెచ్చటనైనను, తాటిచెట్టెక్కు గీతకార్మికునకు మోకే ఆధారము. కాలు జారినచో దేహభారమంతయు నడుముపై పడి ఊపిరి సలుపనీయదు. తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో 'కాటమయ్య రక్షణ కవచము' పేర పరికరములను పంచుటకు మొదలిడినది. కాటమయ్య గౌడుల వేల్పు; అయినను వేల్పు పేరు పెట్టినంతమాత్రమున పట్టీ ఒరయక మానునా? ఒరసిన కవచము రెండవనాడే ఇంటి కొక్కెమునకు వ్రేలాడును. మనిషి ఉత్త మోకుతో చెట్టెక్కును.

కావున ఎంచుకొనువారికి మేము చెప్పునది ఇది: నడుముతోపాటు తొడలను, భుజములను పట్టు కవచమునే కోరుడు. నేలకు జానెడెత్తున వ్రేలాడి చూడుడు. బరువు తొడలపై నిలువవలెను. కత్తి పట్టిన చేయి ధారాళముగ తిరుగవలెను. తొడపట్టీలోనికి అరచేయి దూరవలెను, పిడికిలి దూరరాదు. జారి వ్రేలాడిన వానిని వెంటనే దింపవలెను. కదలక వ్రేలాడినచో కాళ్లలో రక్తము నిలిచి ప్రాణాపాయము కలుగును. చెట్టు క్రింద ఒక తోడుండుట మేలు.