పట్టణపు చెత్త – పొలమునకు ఎరువు
(రైతుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



మీరు పండించిన ధాన్యము, కాయగూరలు పట్టణమునకు పోవుచున్నవి. వానితోడ భూసారమును పోవుచున్నది. వంటయిండ్లలో మిగులు తొక్కలు, ఆకులు, మెతుకులు ఆ సారములోని భాగమే. దానిని మరల పొలమునకు చేర్చుట న్యాయము, లాభము.

ఇది క్రొత్త తలంపు కాదు. ఇండోరు నగరమున ఆల్బర్టు హోవర్డుగారు 1924–1931 సంవత్సరముల నడుమ చెత్తను పేడతో కలిపి, మూడుమార్లు తిరుగవేసి, మూడు మాసములలో ఎరువుచేయు పద్ధతిని నెలకొల్పిరి. తరువాత బెంగుళూరునందు సి. ఎన్. ఆచార్యగారు పట్టణపు చెత్తను గోతులలో పొరలుగా నింపి, కప్పి, తిరుగవేయకయే మాగించు విధము చూపిరి.

అయితే ఒక అపాయము కలదు. తడిచెత్తలో గాజుపెంకులు, ప్లాస్టిక్కు సంచులు, బ్యాటరీలు కలిసిన యెడల ఎరువే కీడగును. గాజు కూలివారి పాదములను కోయును. సంచులు మింగిన పశువులు చచ్చును. జల్లెడ గాజును ఆపగలదు గాని బ్యాటరీల సీసమును ఆపజాలదు. మట్టిలో చేరిన సీసమును మరల తీయుట మనతరము గాదు. కావున చెత్తను వేరుచేయుట గృహస్థుని గుమ్మముకడనే జరుగవలెను. తడి, పొడి, అపాయకరమైన చెత్తలను వేరుచేసి ఇయ్యవలెనని 2016 నాటి కేంద్ర నియమములు విధించినవి.

పట్టణపు ఎరువు కొనుటకు ముందు గుప్పెడు చేతబట్టి చూడుడు. వేడియున్నను, దుర్వాసనయున్నను అది మాగలేదని యెఱుగుడు. నల్లగా, పొడిపొడిగా, మట్టివాసన కలిగినది మేలు. సీసము కంటికి కనబడదు గనుక పరీక్షాపత్రము అడుగుడు. ఎరువుల నియంత్రణ ఉత్తరువు ప్రకారము కిలో ఎరువులో సీసము 100 మిల్లీగ్రాములకు మించరాదు. పత్రము చూపనివాని బండిని గట్టు దాటనీయకుడు.