ఆంగ్ల వాక్యమున అతుకులు

మేము రేడియో ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుని ప్రసంగమునకు ఆహ్వానించితిమి. తేదీ మారునేమో యను సంశయము మాకు కొంచెముగా నుండెను. మారినచో మరల వ్రాయుదుము; మా ఉత్తరము అందనిచో అనుకొన్న దినముననే దయచేయవలసినదని తెలుపదలచితిమి. తెలుగున ఇంత తేటగా నున్న ఈ మాటను ఆంగ్లమున ఇట్లు వ్రాసితిమి: "అన్‌లెస్ యు డు నాట్ హియర్ ఫ్రమ్ అస్, ప్లీజ్ కమ్."

తేదీ మారలేదు. మేము మరల ఉత్తరము వ్రాయలేదు. ఆయన రాలేదు. ప్రసంగవేళకు వీణ రికార్డు నొకదానిని వేసి గట్టెక్కితిమి. నాలుగు దినములకు మా ఉత్తరమే మాకు తిరిగి వచ్చెను. అందు "అన్‌లెస్" క్రిందను, "నాట్" క్రిందను ఎఱ్ఱ సిరాతో గీతలు గీయబడి యుండెను. ప్రక్కన తెలుగున "మీరు వ్రాసినట్లే చేసితిని" అని ఒక పంక్తి.

ఆయన యందు తప్పు లేదు. "అన్‌లెస్" అనగా "కానియెడల" అని అర్థము. లేదను భావము దాని కడుపులోనే యున్నది. పూర్వము ఆంగ్లేయులు దీనిని "ఆన్ లెస్" అని, అనగా "అంతకు తక్కువైన షరతుపై" అని, రెండు మాటలుగా వాడిరి. అవియే కలిసి ఒక మాట యైనవి. దానికి మేము "నాట్" చేర్చుటచే వ్యతిరేకము రెండుమారులు వచ్చి, "మా ఉత్తరము అందినచోనే రండు" అని అర్థము తలక్రిందులైనది.

ఈ పొరపాటు మా ఒక్కరిదే కాదు. తెలుగింట పుట్టి ఆంగ్లము నేర్చినవారిలో పెక్కురు చేయునదే. దీనికి కారణము అజాగ్రత్త మాత్రమే యనుట సరికాదు. వాక్యమును వాక్యముతో అతుకు పద్ధతిలోనే ఈ రెండు భాషలకును భేదము కలదు.

తెలుగున అతుకు క్రియలోనే యుండును. "వచ్చి" అను క్త్వార్థకము, "వచ్చినచో" అను చేదర్థకము, "వచ్చినను" అను అప్యర్థకము క్రియ తుది మారుటచేతనే వాక్యములను కలుపుచున్నవి. "రానిచో" అను ఒక్క మాటలో వచ్చుట యను పని, లేదను వ్యతిరేకము, అయినచో నను షరతు, మూడును ఇమిడి యున్నవి. సముచ్చయములకు మారుగా ఇట్టి అసమాపక క్రియలను వాడుట ద్రావిడ భాషల లక్షణములలో నొకటి యని కాల్డ్వెల్ పండితుడు 1856లో ప్రకటించిన తన తులనాత్మక వ్యాకరణమున గుర్తించెను.

ఆంగ్లమున ఈ పనిని ముగ్గురు పంచుకొందురు. కలుపుట సముచ్చయము పని. తీరును, వేళను, భేదమును సూచించుట క్రియావిశేషణము పని. ఏమి జరిగినదో, ఏ కాలమున జరిగినదో చెప్పుట క్రియ పని. ఒకరు చేసిన పనిని మఱియొకరిచే మరల చేయించినచో వాక్యము చెడును.

"ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ హి కేమ్" అని మన పిల్లలు వ్రాయుచుందురు. దీనినే తెలుగున పెట్టి చూడుడు: "వాన కురిసినను, కాని అతడు వచ్చెను." తప్పు చెవికే తోచును. "కురిసినను" అన్నప్పుడు "కాని" అక్కరలేదు. "కాని" కావలయునన్నచో "కురిసెను" అనుట చాలును. ఆంగ్లమునను "ఆల్దో", "బట్" అను రెండింటిలో ఒకటియే యుండవలెను. అయితే "ఆల్దో" తరువాత "యెట్" రావచ్చును. ఏలయనగా అచట "యెట్" క్రియావిశేషణము. "అయినప్పటికిని" అని నొక్కి చెప్పుటయే దాని పని. కలుపు భారము దానిపై లేదు.

"హవెవర్" కూడ అట్టిదే. అర్థమున "బట్"కు చేరువ, జాతి వేరు. పరీక్షించుట సులభము. మాటను కదిపి చూడవలెను. "బట్" తాను కలుపు వాక్యము మొదటనే నిలుచును, కదలదు. "హవెవర్" మొదటనో, నడుమనో, తుదినో యుండగలదు. ఇట్లు కదలు మాటకు రెండు వాక్యములను కలుపు శక్తి లేదు. కావున దానికి ముందు కామా చాలదు. సెమికోలనో, పూర్ణవిరామమో ఉంచవలెను.

కొన్ని క్రియావిశేషణములు వాక్యము మొదట నిలిచినచో క్రియయే తన చోటు మార్చుకొనును. "బండి ఆగినదో లేదో వాన మొదలయ్యెను" అనుటకు "నో సూనర్ హాడ్ ది ట్రెయిన్ స్టాప్డ్ దాన్ ఇట్ బిగాన్ టు రెయిన్" అందురు. వ్యతిరేకార్థకమగు "నో సూనర్" ముందు నిలుచుటచే "హాడ్" కర్తను దాటి వచ్చినది. "సూనర్" అనగా "అంతకంటె ముందు." కంటె యను పోలిక యున్నది గనుక దానికి "దాన్" జత. "హార్డ్లీ" యందు పోలిక లేదు గనుక దానికి "వెన్" జత. కారణ మెఱిగినచో కంఠస్థము చేయు శ్రమ తగ్గును.

క్రియ కాలమును గూర్చి ఒక మాట. "రేపు వాన కురిసినచో మేము పోము" అందుము. రాబోవు వానకు "కురిసిన" అను భూతకాల రూపమును వాడుచున్నాము; ఎవరికిని వింతగా తోచదు. ఆంగ్లమునను ఇట్టి షరతున భవిష్యద్రూపము సాధారణముగా రాదు. "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో" అని వర్తమానమునే వాడుదురు. "విల్ రెయిన్" అని వ్రాయు విద్యార్థి తన తెలుగును ఒక్కమారు తలచుకొన్నచో తప్పు దిద్దుకొనగలడు. రెండు భాషలందును భవిష్యత్తును తెలుపునది ముగింపు క్రియయే.

ఆంగ్లమున ఉత్తరము గాని, దరఖాస్తు గాని, అద్దె ఒడంబడిక గాని వ్రాయువారు సంతకము చేయుటకు ముందు వాక్యమును తెలుగున ఒకమారు చెప్పుకొని చూడుడు. అతుకు మాట యెచ్చట నున్నది, వ్యతిరేకము ఎన్నిమారులు వచ్చినది యని లెక్కించుడు. ఒడంబడికలో ఒక్క "నాట్" అధికమైనచో నష్టము వీణ రికార్డుతో తీరునది కాదు.

మఱుసటి నెలలో ఆ ఉపాధ్యాయునికి మరల ఆహ్వానము పంపితిమి. ఈ మారు "ఇఫ్ యు డు నాట్ హియర్ ఫ్రమ్ అస్, ప్లీజ్ కమ్" అని వ్రాసితిమి. ఆయన పది నిమిషములు ముందుగనే వచ్చిరి.