జెరూసలేము రాజ్యపు మహోద్యోగులు



నేడు మీకు దూరదేశపు పూర్వవృత్తాంత మొకటి మనవి చేయుదును. 1099వ సంవత్సరమున ఐరోపానుండి వచ్చిన క్రైస్తవ యోధులు జెరూసలేము నగరమును జయించి, అచ్చట నొక రాజ్యమును స్థాపించిరి. స్వదేశపు టాచారము ననుసరించి రాజునకు తోడుగా మహోద్యోగులను నియమించుకొనిరి.

వారిలో సెనెషలు కోశాగారపు లెక్కలను, కోటల సామగ్రిని విచారించువాడు; రాజు లేనపుడు ప్రభువుల న్యాయసభకు అధ్యక్షుడు. కాన్‌స్టేబులు అనునతడు సర్వసేనాని. ఈ మాట విని నవ్వకుడు. నేడు ఠాణాలోని చిన్న యుద్యోగికి గల పేరు నాడంత గొప్పది. అశ్వశాలాధిపతి యని దానికి మూలార్థము. మార్షలు ఇతనికి లోబడినవాడు. ఛేంబర్లేను రాజమందిరపు పనులను, బట్లరు పానీయశాలను చూచుచుండిరి. చాన్సలరు రాజశాసనములను వ్రాయించువాడు. ఆ రాజ్యచరిత్రమును రచించిన తూరు మతాచార్యుడు విలియము ఈ పదవియందుండెను.

ఇన్ని పదవు లేల? ధనము నొకనికి, సైన్యము నొకనికి, శాసనముల నొకనికి అప్పగించినచో ఏ యొక్కడును రాజ్యమును మ్రింగజాలడని నా తలంపు. కాని పదవులు వేరైనను, వానియందున్నవా రొక్క యింటివారైనచో ఆ కట్టుబాటు నిలుచునా? 1186వ సంవత్సరము దీనికి జవాబు చెప్పుచున్నది.

ఆ యేట బాలరాజు అయిదవ బాల్డ్విను మరణించెను. అట్లు జరిగినచో వారసుని పోపును, చక్రవర్తియు, ఫ్రాన్సు, ఇంగ్లండు రాజులును నిర్ణయింపవలెనని ప్రభువులు ముందే ప్రమాణము చేసియుండిరి. అయితే సెనెషలగు జోస్లిను, రాజమాత సిబిల్లాకు మేనమామ. అతడు రాజప్రతినిధియగు రేమండును ఉపాయముచే తిబెరియకు పంపి, అక్కో, బీరూటు రేవులను హస్తగతము చేసికొనెను. సిబిల్లా తాను కిరీటము ధరించి, భర్తయగు గై తలపై కిరీట ముంచెను. సర్వసేనానియగు ఐమెరీ ఆ గైకి అన్న! కిరీటముల పెట్టెకు మూడు తాళపుచెవులుండెను. హాస్పిటలర్ల సంఘాధిపతి మాత్రము ప్రమాణమును దలచి తన తాళపుచెవి నీయక, తుదకు కిటికీనుండి పారవైచెనని నాటి వృత్తాంతములు చెప్పుచున్నవి.

రేమండు కొత్తరాజును అంగీకరింపక శత్రువగు సలాదీనుతో సంధి చేసికొనెను. ఇల్లు రెండైనది. వారు తిరిగి కలిసికొనునప్పటికి కాలము మించెను. 1187 జూలై 4వ తేదీన హత్తీను యుద్ధమున రాజును, సర్వసేనానియు బందీలైరి. కొద్దిదినములకే సెనెషలు అక్కోను శత్రువునకు అప్పగించెను. అక్టోబరు 2వ తేదీన జెరూసలేము లొంగిపోయెను.

ఎండయు, దాహమును, దురాలోచనయు ఆ యోటమికి హేతువులే. అయినను, పదవిని చుట్టరికమునకు తాకట్టుపెట్టిన నాడే ఆ రాజ్యపు గోడ బీటవారినదని నా యభిప్రాయము. లెక్క వ్రాయువాడును, ధాన్యము కొలుచువాడును వేరుగా నుండవలెనని మీరెరుగుదురు. ఆ యిరువురును గుమ్మము దాటి లోనికి వచ్చునపుడు బంధుత్వమును వెలుపల విడిచి రావలెననుటయు మీబోటి పెద్దలకు తెలియనిది కాదు.