న్యాయమూర్తిపై ఫిర్యాదు: ఏం తేలిందో ప్రజలకు చెప్పాలి



2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకొచ్చింది. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. ఎవరూ పిటిషన్ వేయకుండానే ఆ రోజే మన హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. అదే నెలలో ఫ్యాక్టరీ ఆవరణను సీజ్ చేయమంది, డైరెక్టర్లు దేశం దాటకూడదంది. ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటీకరణపై వ్యాజ్యాలు కూడా ఆ కోర్టుకే వెళ్లాయి. మనం పీల్చే గాలి, మన ఉద్యోగం, మన భూమి, వీటన్నింటిపైనా అమరావతి నేలపాడులోని హైకోర్టులో కూర్చున్న న్యాయమూర్తి మాట చెల్లుతుంది. అంత అధికారం ఉన్న వ్యక్తిపై ఆరోపణ వస్తే నిజానిజాలు ఎవరు తేలుస్తారు? తేలిన సంగతి మనకు ఎవరు చెబుతారు? ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది దీని గురించే.

ముందు రాజ్యాంగం ఏం చెప్పిందో చూద్దాం. రుజువైన దుష్ప్రవర్తన లేదా అశక్తత ఉంటేనే హైకోర్టు న్యాయమూర్తిని తొలగించగలరు. 1968 నాటి విచారణ చట్టం ప్రకారం లోక్‌సభలో 100 మంది గానీ, రాజ్యసభలో 50 మంది గానీ సంతకాలు చేయాలి. ముగ్గురు సభ్యుల సంఘం విచారించి ఆరోపణ రుజువైందని చెప్పాలి. ఆపైన ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగం మందికి పైగా, ఓటేసిన వారిలో మూడింట రెండొంతుల మంది అవునని చెప్పాలి. గణతంత్రం వచ్చిన తొలి 75 ఏళ్లలో ఈ దారిన ఒక్కరినీ తొలగించలేదు. 1993లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి. రామస్వామిపై తీర్మానం, అధికార పక్షం ఓటింగుకు దూరంగా ఉండటంతో వీగిపోయింది. 2011లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సౌమిత్ర సేన్‌పై తీర్మానం రాజ్యసభలో నెగ్గింది. లోక్‌సభలో ఓటింగ్ జరగకముందే ఆయన రాజీనామా చేశారు.

ఈ దారి ఇంత కఠినంగా ఉండటానికి కారణం ఉంది. ప్రభుత్వానికి నచ్చని తీర్పు ఇచ్చిన న్యాయమూర్తిని మర్నాడే ఇంటికి పంపగలిగితే, ఎల్జీ పాలిమర్స్ లాంటి కేసును తనంతట తాను చేపట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆ రక్షణ న్యాయమూర్తి సుఖం కోసం పెట్టింది కాదు, మన కోసం పెట్టింది. దాన్ని సడలించమని నేను అనను.

కింది కోర్టుల పరిస్థితి వేరు. 2012లో ఓబుళాపురం గనుల కేసులో గాలి జనార్దన్ రెడ్డికి బెయిల్ ఇవ్వడానికి డబ్బు చేతులు మారిందన్న ఆరోపణ రాగానే, హైదరాబాద్ సీబీఐ కోర్టు జడ్జిని హైకోర్టు సస్పెండ్ చేసింది. తర్వాత కొద్ది రోజులకే ఏసీబీ ఆయన్ను అరెస్టు చేసింది. జిల్లా జడ్జిపై హైకోర్టుకు క్రమశిక్షణ అధికారం ఉంది. హైకోర్టు న్యాయమూర్తిపై అలాంటి అధికారం ఎవరికీ లేదు. 1991 నాటి వీరాస్వామి తీర్పు ప్రకారం, భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించకుండా ఆయనపై అవినీతి కేసు కూడా నమోదు చేయకూడదు. 2025 జనవరిలో లోక్‌పాల్ తన పరిధిలోకి హైకోర్టు న్యాయమూర్తులూ వస్తారని చెప్పింది. మరుసటి నెలలోనే సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది.

మరి నియమాలు లేవా? ఉన్నాయి. 1997 మే 7న సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా కూర్చుని పదహారు సూత్రాలు ఆమోదించారు. న్యాయమూర్తి క్లబ్బు ఎన్నికల్లో పోటీ చేయకూడదు. ఒకే కోర్టులో వాదించే లాయర్లతో మరీ చనువుగా ఉండకూడదు. కొడుకో కోడలో లాయరైతే తన ముందు వాదించనివ్వకూడదు. బంధుమిత్రుల కేసు వినకూడదు. తనకు షేర్లున్న కంపెనీ కేసైతే ఆ సంగతి ముందే చెప్పాలి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతేనే వినాలి. దగ్గరివారి నుంచి తప్ప కానుకలు, ఆతిథ్యం తీసుకోకూడదు. మంచి సూత్రాలే. వాటిని దాటినవారిని ఏం చేయాలో చెప్పడానికి 1999లో అంతర్గత విచారణ పద్ధతి పెట్టుకున్నారు. ఫిర్యాదులో పస ఉందనిపిస్తే ఆ న్యాయమూర్తిని సంజాయిషీ అడుగుతారు. అవసరమైతే వేరే హైకోర్టుల ఇద్దరు ప్రధాన న్యాయమూర్తులు, ఒక న్యాయమూర్తి కలిసి విచారిస్తారు. తప్పు తీవ్రమైతే రాజీనామా చేయమంటారు. ఒప్పుకోకపోతే కేసులు అప్పగించడం ఆపి, రాష్ట్రపతికీ ప్రధానికీ తెలియజేస్తారు. కానీ ఇది పార్లమెంటు చేసిన చట్టం కాదు, న్యాయమూర్తులు తమకు తాము రాసుకున్న పద్ధతి.

ఈ పద్ధతి ఎలా నడిచిందో మన రాష్ట్రం దగ్గరగా చూసింది. 2020 అక్టోబర్ 6న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి భారత ప్రధాన న్యాయమూర్తి బోబ్డేకు లేఖ రాశారు. అప్పుడు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ ఆంధ్ర హైకోర్టు వ్యవహారాల్లో జోక్యం చేసుకుంటున్నారని, కొందరు హైకోర్టు న్యాయమూర్తుల తీరు సరిగా లేదని ఆరోపించారు. నాలుగు రోజుల తర్వాత ఆ లేఖను పత్రికలకు విడుదల చేశారు. విచారణ జరగకముందే అలా బయటపెట్టడం తప్పని నా అభిప్రాయం. లేఖ రాసిన సమయమే అనుమానాస్పదంగా ఉందని అటార్నీ జనరల్ వేణుగోపాల్ కూడా అన్నారు. 2021 మార్చి 24న సుప్రీంకోర్టు ఒక ప్రకటన చేసింది. ఫిర్యాదును అంతర్గత పద్ధతిలో పరిశీలించి కొట్టివేశామని, ఆ వివరాలు పూర్తిగా గోప్యమని చెప్పింది. ఏ ఆరోపణ ఎందుకు నిలవలేదో ఒక్క ముక్క చెప్పలేదు. నెల రోజులకు జస్టిస్ రమణ భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

దీనివల్ల నష్టం ఎవరికి? ముందుగా జస్టిస్ రమణకే. ఆరోపణ నిలవలేదని కారణాలతో చెప్పి ఉంటే మచ్చ తుడిచిపెట్టుకుపోయేది. కారణాలు తెలియకపోవడంతో ఆయన్ను నమ్మేవాళ్లు నమ్మారు, అనుమానించేవాళ్లు అనుమానిస్తూనే ఉన్నారు. నష్టం ప్రజలకు కూడా. అప్పట్లో హైకోర్టు న్యాయమూర్తులను బూతులు తిడుతూ సోషల్ మీడియాలో పోస్టులు వెల్లువెత్తాయి. హైకోర్టు ఆ పోస్టులపై కేసును సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది. తిట్లను ఎవరూ సమర్థించకూడదు. కానీ నిజం తెలుసుకునే దారి మూసుకుపోయిన చోట పుకారు పుడుతుందన్నది మాత్రం గుర్తించాలి.

ఇక 2025 మార్చిలో జరిగింది చూడండి. ఢిల్లీలో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ యశ్వంత్ వర్మ ఇంటి ఆవరణలో మంటలు లేచినప్పుడు కాలిన నోట్లు కనిపించాయన్న వార్త వచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి సంజీవ్ ఖన్నా ప్రాథమిక నివేదికను, జస్టిస్ వర్మ జవాబును, వీడియోను కోర్టు వెబ్‌సైట్లో పెట్టించారు. ఆకాశం కూలలేదు, న్యాయవ్యవస్థ స్వతంత్రత దెబ్బతినలేదు. కానీ మేలో విచారణ సంఘం ఇచ్చిన తుది నివేదికను వెబ్‌సైట్లో పెట్టలేదు. జస్టిస్ రమణ విషయంలోనూ, ఇక్కడా ఒకే పద్ధతి కింద విచారణ జరిగింది. 2021లో అంతా గోప్యం, 2025లో సగం బహిరంగం. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో ఎవరుంటే వారి ఇష్టాన్ని బట్టి మారేదాన్ని నియమం అనలేం.

నా మాట ఇది. విచారణ గోప్యంగానే సాగనివ్వండి. పనికిమాలిన ఫిర్యాదు వల్ల ఒక న్యాయమూర్తి పేరు బజారున పడకూడదు. కానీ ఫిర్యాదు ఒకసారి బహిరంగమయ్యాక, దాని ఫలితం కూడా కారణాలతో సహా బహిరంగం కావాలి. ఇంగ్లండ్‌లో న్యాయమూర్తుల ప్రవర్తనపై ఫిర్యాదులు చూడటానికి ప్రత్యేక కార్యాలయం ఉంది. అక్కడ న్యాయమూర్తిపై చర్య తీసుకుంటే ఎందుకు తీసుకున్నారో ప్రకటిస్తారు. మన దేశంలో కూడా ఇలాంటి వ్యవస్థ కోసం తెచ్చిన న్యాయ ప్రమాణాల బిల్లు 2012లో లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభ దాటకుండానే 2014లో చచ్చిపోయింది. తొలగింపు తప్ప మందలింపు లాంటి మధ్యస్థ చర్యలేవీ చట్టంలో లేని లోటు అలాగే మిగిలింది.

పదవి దిగాక వచ్చే ప్రశ్న కూడా ఉంది. మన రాజమహేంద్రవరం వారైన కోకా సుబ్బారావు 1967లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచారు. పౌరహక్కుల కోసం నిలబడ్డ గొప్ప న్యాయమూర్తి ఆయన. అయినా ఆ నిర్ణయంపై విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే. 2023లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ అబ్దుల్ నజీర్ పదవీ విరమణ చేసిన నెలన్నర లోపే మన రాష్ట్రానికి గవర్నరుగా నియమితులయ్యారు. వ్యక్తుల నిజాయితీని నేను ప్రశ్నించడం లేదు. తీర్పు చెప్పే చేతికి, పదవి ఇచ్చే చేతికి మధ్య కొన్నేళ్ల ఎడం ఉండాలని మాత్రం అడుగుతున్నాను.

మనం చేయవలసింది కూడా ఉంది. మనకు వ్యతిరేకంగా తీర్పు వచ్చినంత మాత్రాన న్యాయమూర్తి అమ్ముడుపోయాడని అనకూడదు. దానికి అప్పీలు ఉంది. నడవడిపై నిజంగా ఆధారం దొరికితే, పేరు పెట్టి, తేదీ వేసి, కాగితాలు జతచేసి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికో, భారత ప్రధాన న్యాయమూర్తికో రాయాలి. విశాఖ ఎంపీ ఓటడగడానికి మీ వీధికి వచ్చినప్పుడు, ఉక్కు గురించి అడిగినంత గట్టిగానే, న్యాయ ప్రమాణాల చట్టం కోసం సభలో ఏం మాట్లాడారో అడగండి. న్యాయమూర్తి రోజూ మనకు చెప్పే తీర్పులో కారణాలు రాసి ఇస్తారు. తనపై వచ్చిన ఫిర్యాదు విషయంలో కూడా అదే మర్యాద మనకు దక్కాలి. ఇది న్యాయస్థానంపై కోపంతో అడిగేది కాదు, దాన్ని గౌరవించే పౌరులు హక్కుగా అడగవలసినది.