చిన్న ట్రాక్టర్‌కు ఎన్ని అడుగుల రోటావేటర్ కట్టాలె?
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గోలేటి గ్రామ సంఘం యంత్రాల కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



పోయిన మహాసభల ఇదే వేదిక మీద నిలబడి, మా సంఘానికి చిన్న ట్రాక్టర్ తెచ్చినమని చెప్తే మీరందరు చప్పట్లు కొట్టిన్రు. ఈసారి మేము చేసిన తప్పు చెప్పనీకి వచ్చినం. నలుగుర్ల తప్పు ఒప్పుకుంటే ఏమనుకుంటరో అని మాలో కొందరు వెనుకాడిన్రు. కానీ ఇంకా రెండు గ్రామ సంఘాలు యంత్రాల అద్దె కేంద్రం పెట్టాలని తీర్మానం రాసుకున్నయని తెలిసింది. మాకైన నష్టం మాతోనే ఆగాలె, ఆ అక్కల దాకా పోవద్దు. అందుకే వచ్చినం.

మన దిక్కు సంగతి మీకు తెల్వనిది కాదు. ఇంటాయన బాయి మీద ఫస్ట్ షిఫ్టో, నైట్ షిఫ్టో చేసి వస్తడు. చేను పని ఎక్కువ మనమీదనే. ఎడ్లు తగ్గినయి. ఓపెన్‌కాస్టులు పెరిగినంక మేతకు తోలే జాగ కూడ తగ్గింది. మిగిలిన చేన్లు ఎకరం, రెండెకరాలవి. పెద్ద ట్రాక్టరోళ్ళు పెద్ద చేన్లకు పోయినంకనే మన ఒడ్డు ఎక్కుతరు. అందుకే 24 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ తీసుకున్నం. ఆ నిర్ణయం తప్పు కాదు. తప్పంతా దాని వెనుక కట్టిన రోటావేటర్ దగ్గర జరిగింది.

దుకాణంల నాలుగడుగులది, ఐదడుగులది పక్కపక్కన ఉన్నయి. ధరల తేడా కొంచెమే. పెద్దదైతే ఒక్క సాలుకే ఎక్కువ నేల దున్నుతదని ఆయన అన్నడు, మాకూ అట్లనే అనిపించింది. చీర కొన్నా రంగు పోతదా అని నాలుగు మాటలు అడుగుతం. దీనికి ఒక్క మాట అడగలె. మా నేల ఏందో ఆయన అడగలె, మేము చెప్పలె.

తొలకరి పడ్డది. తడారని నల్లరేగడిల దించినం. ఇంజన్ మూలిగింది, నల్ల పొగ కక్కింది. ఒడ్డు కాడ రోటావేటర్ ఎత్తితే ముందు చక్రాలు గాల్లకు లేచినయి. మూడో రోజుకు క్లచ్ కాలింది. సరిగ్గ విత్తులు పెట్టే పది రోజులు బండి షెడ్డులనే ఉంది. మా సభ్యురాలు ఒకామె, మగ దిక్కు లేని మనిషి, మన బండే వస్తదని ఎదురుచూసి రెండెకరాలు అదును తప్పి విత్తింది. ఆ నెల కిస్తీ మేము పొదుపు పైసలల్ల నుంచి కట్టినం. కిస్తీ కట్టగలిగినం గని, ఆమె అదును మాత్రం తెచ్చియ్యలేకపోయినం.

ఆ తర్వాత మెకానిక్‌ను, వ్యవసాయ విస్తరణ అధికారిని కూర్చోబెట్టుకొని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నం. అవే మీకు చెప్తున్నం.

మొదటిది బలం. బానెట్ మీద 24 హెచ్‌పీ అని ఉంటే అది ఇంజన్ బలం. రోటావేటర్‌ను తిప్పేది వెనుక ఉన్న పీటీఓ. అక్కడికి వచ్చేసరికి నూటికి 15 నుంచి 20 వంతులు తగ్గుతది. అంటే మన చేతికి వచ్చేది సుమారు 20. నల్లరేగడిల అడుగు వెడల్పుకు 5 హెచ్‌పీ అన్న పడుతదని లెక్క పెట్టుకోవాలె. 20ని 5తో భాగిస్తే నాలుగడుగులు. మేము కట్టింది ఐదు. ఐదో తరగతి పిల్లగాడు చేసే లెక్క ఇది, మేము చెయ్యలె. ఎర్ర చెల్కలు కొంచెం తేలికగ తెగుతయి గని, మన మండలంల రెండు రకాల నేలలూ ఉన్నయి. గట్టి నేలను బట్టే కొనాలె.

రెండోది వెడల్పు. వెనుక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు పెట్టి కొలవాలె. రోటావేటర్ దానికంటే కొంచెం వెడల్పుండాలె. లేకపోతే చక్రం తొక్కిన జాడ గట్టిగ అట్లనే మిగులుతది. కాబట్టి మరీ చిన్నది తీసుకున్నా పని చెడుతది. బలం చూస్తే పెద్దది వద్దంటది, చక్రం చూస్తే చిన్నది వద్దంటది. రెండింటి నడుమ దొరికేదే మన సైజు.

మూడోది బరువు. ట్రాక్టర్ వెనుక ఎంత బరువు ఎత్తుతదో దాని పుస్తకంల రాసి ఉంటది. ఆ అంకె చేతుల కొనకాడ లెక్క. రోటావేటర్ బరువు ఇంకా వెనుకకు ఉంటది కాబట్టి పుస్తకంల ఉన్నంత ఎత్తదు. బిందె నడుమున పెట్టుకుంటే మోస్తం, అదే బిందె చెయ్యి చాపి పట్టుకుంటే మోస్తమా?

నాలుగోది, పెద్దదైతే పని జల్ది అయితదన్న మాట. లెక్క చూడున్రి. నాలుగడుగులది అంచు మీద అంచు పోను మూడున్నర అడుగులు దున్నుతది. గంటకు రెండున్నర కిలోమీటర్ల నడకతో పోతే 26 గుంటలు వస్తది. ఐదడుగులది నాలుగున్నర దున్నుతది గని, బలం చాలక గంటకు ఒకటిన్నర కిలోమీటరే నడిచింది. వచ్చింది 20 గుంటలు. మలుపులకు రెండింటికీ ఇంకొంత పోతది. పెద్దదానితోనే పని తక్కువైంది, డీజిల్ ఎక్కువైంది.

ఐదోది, ఏ పనికో ముందే తేల్చుకోవాలె. మూడడుగుల పత్తి సాళ్ళ నడుమ నాలుగడుగుల రోటావేటర్ పట్టదు. సాళ్ళల్ల గడ్డి తియ్యాలంటే రెండడుగుల లోపు పవర్ వీడర్ వేరే కావాలె. ఒక్క యంత్రం అన్ని పనులు చేస్తదని ఎవరన్న చెప్తే నమ్మొద్దు. పత్తికట్టె కొట్టకుండ రోటావేటర్ దించితే కట్టె రోటరుకు చుట్టుకుంటది. ఏటా రోటావేటరే వేసుకుంట పోతే నాలుగైదు అంగుళాల కింద నేల గట్టిపడి నీళ్ళు దిగవు. రెండు మూడేండ్లకొకసారి పెద్ద ట్రాక్టర్‌తో లోతు దుక్కి చేయించుకోవాలె.

ఇంకొక్క మాట, ఇది సైజు మాట కాదు, ప్రాణం మాట. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతది. అంటే ఒక్క సెకనుకు తొమ్మిది. కొంగు తగిలిందంటే చెయ్యి తీసుకునే సమయం ఉండదు. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేని బండిని షెడ్డు దాటనియ్యొద్దు. చుట్టుకున్న గడ్డి తియ్యాలంటే ఇంజన్ బంద్ చేసి, తాళంచెవి చేతిల పట్టుకొని దగ్గరికి పోవాలె. కొంగు నడుముకు చెక్కాలె, జడ ముడి వెయ్యాలె. పిల్లల్ని రోటావేటర్ మీద కూర్చోబెట్టొద్దు.

చివరికి మేము ఐదడుగులది తిరిగి ఇచ్చి నాలుగడుగులది తెచ్చుకున్నం. అందుల నష్టం వచ్చింది. ఆ నష్టాన్ని సంఘం లెక్కలల్ల దాచకుండ తప్పు కొనుగోలు అనే పేరుతోనే రాసినం. యాసంగి దుక్కులు కొత్తదానితో చేసినం, బండి ఒక్క రోజు ఆగలె. అదును తప్పిన అక్క చేనుకు ఈ వానాకాలం మొదటి వంతు ఇయ్యాలని తీర్మానం చేసినం.

సమాఖ్యకు మా విన్నపం ఒక్కటే. ఏ సంఘం యంత్రం కొన్నా చెక్కు మీద సంతకం పెట్టే ముందు నాలుగు అంకెలు తీర్మానం పుస్తకంల రాయాలె: పీటీఓ బలం, చక్రాల వెడల్పు, ఎత్తే బరువు, రోటావేటర్ బరువు. కొనే ముందు ఆ యంత్రాన్ని మన చేన్ల, మన మట్టిల ఒక గంట నడిపి చూపియ్యమనాలె. చూపియ్యనన్న దుకాణంల కొనొద్దు.

మా టేపు, మా లెక్కల పుస్తకం గోలేటి సంఘం ఆఫీసులనే ఉంటయి. కొనబోయే సంఘాల అక్కలు ఎప్పుడు పిలిచినా మాలో ఇద్దరం మీ వెంట దుకాణానికి వస్తం. బస్సు చార్జీ మేమే పెట్టుకుంటం.