కాఫిలాకు ముందు నడిచే మనిషి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యుల ఇళ్ళలో చాలావాటి నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. కుర్రవాడికి వీసా వచ్చిందంటే తల్లి పచ్చడి కడుతుంది, తండ్రి అప్పు తెస్తాడు. వెళ్ళే చోట ఎవరిని అడగాలి, ఎవరిని నమ్మాలి అన్న సంగతి మాత్రం అడిగేవారు లేరు. సఫర్ గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీ వారు అన్నప్పుడు నాకు ఇబ్న్ బతూతా గుర్తుకు వచ్చారు.

ఆయన 1304లో టాంజియర్‌లో పుట్టారు. 21వ ఏట హజ్‌కు బయలుదేరి ఎన్నో దేశాలు చూశారు, ఢిల్లీలో ఖాజీగా పనిచేశారు. అంతటి మనిషి కూడా 1352లో సహారా ఎడారి దాటి మాలీ రాజ్యానికి పోవలసి వచ్చినప్పుడు, అదివరకటి అనుభవం మీద ఆధారపడలేదు. ఆ ఎడారి మనుషుల చేతిలో తన ప్రాణం పెట్టారు.

సిజిల్మాసాలో ఒంటెలు, నాలుగు నెలల మేత కొన్నారు. ఇరవై అయిదు రోజులకు తగాజా చేరారు. అక్కడ ఇళ్ళు, మసీదు కూడా ఉప్పు దిమ్మెలతో కట్టినవే, పైకప్పు ఒంటె తోలు. తర్వాత తాసరహ్లా అనే చోట కాఫిలా మూడు రోజులు ఆగుతుంది. అంత ఆలస్యం ఎందుకు అంటారా? నీళ్ళ మష్కులు, అంటే తోలు తిత్తులు, బాగుచేసుకోవడానికి. గాలికి నీరు ఆరిపోకుండా వాటికి ముతక గోనె కుడతారు.

అక్కడి నుంచే ఒక మనిషిని ముందుగా పంపుతారు. అతన్ని తక్షీఫ్ అంటారు. మసూఫా తెగవాడు. కాఫిలా వారి ఉత్తరాలు పట్టుకొని ఒంటరిగా వలాతా ఊరికి వెళతాడు. కబురు అందితే ఆ ఊరివారు నాలుగు రోజుల దారి ఎదురొచ్చి నీళ్ళు ఇస్తారు. అతడు దారిలో చనిపోతే కబురు అందదు, కాఫిలాలో చాలామంది దాహంతో పోతారు. అందుకే అతనికి కూలి వంద మిస్కాళ్ళు, అంటే మన లెక్కలో 400 గ్రాములకు పైగా బంగారం. ఎవరూ బేరమాడినట్టు లేదు. ఏడో రాత్రి ఎదురొచ్చినవారి మంటలు దూరంగా కనిపించినప్పుడు ఎంత సంతోషించారో ఆయనే చెప్పుకున్నారు. వాళ్ళకు దారి చూపిన మనిషికి ఒక కన్ను లేదు, రెండో కంట్లో జబ్బు. అయినా ఆ దారి అతనికి తెలిసినట్టు మరెవరికీ తెలియదట!

ఇంకో సంగతి. కాఫిలాలో ఇద్దరు బంధువులు మాటా మాటా అనుకున్నారు. ఒకడు అలిగి వెనకబడ్డాడు. వెతకడానికి మనిషిని కుదర్చమంటే రెండోవాడు ఒప్పుకోలేదు. మర్నాడు ఒక మసూఫా మనిషి డబ్బు అడగకుండా తానే వెళ్ళి వెతికాడు. అడుగుజాడలు దొరికాయి, మనిషి దొరకలేదు. ఆనాటి నుంచి ఇబ్న్ బతూతా కాఫిలాకు ముందు పోలేదు, వెనక పడలేదు. పరాయి దేశంలో ఒకే గదిలో ఉంటూ మాట్లాడుకోని అన్నదమ్ములను మీరూ ఎరుగుదురు.

వలాతా దాటాక పద్ధతి మారింది. దారి క్షేమం కాబట్టి కాఫిలా అక్కరలేదు, ముగ్గురు తోటివారు, ఒక దారి చూపేవాడు చాలు. డబ్బుకు బదులు ఉప్పు ముక్కలు, గాజు పూసలు, లవంగాలు పట్టుకెళ్ళాలి. పల్లె ఆడవాళ్ళు వాటికి జొన్నలు, పాలు, కోళ్ళు ఇచ్చేవారు.

కొత్త తిండి విషయం కూడా వినండి. రాజధానిలో చామదుంప లాంటి దుంపతో చేసిన సంకటి ఆరుగురు తిన్నారు. ఆరుగురూ మంచం పట్టారు, ఒకరు చనిపోయారు. ఆయన ఫజర్ నమాజులోనే స్పృహ తప్పారు. ఒక ఈజిప్టు మనిషి మందు ఇచ్చి కక్కిస్తే బతికారు గాని రెండు నెలలు తేరుకోలేదు.

ఆ దేశంలో కొన్ని ఆచారాలు ఆయనకు నచ్చలేదు. సుల్తాను సులైమాన్ పంపిన కానుక మూడు రొట్టెలు, కాస్త మాంసం, ఒక బుర్రలో పెరుగు అని చూసి నవ్వారు కూడా. పిల్లలు ఖురాన్ కంఠస్థం చేసేదాకా కాళ్ళకు సంకెళ్ళు వేయడం మాత్రం మెచ్చుకున్నారు. ఉపాధ్యాయుడిగా నేనైతే ఒప్పుకోను! కాని ఒక విషయంలో వారికి దండం పెట్టాలి. పరదేశి అరబ్బు అక్కడ చనిపోతే అతని సొత్తు ఎవరూ ముట్టరు. వారసుడు వచ్చేదాకా నమ్మకస్తుడి దగ్గర ఉంచుతారు.

మన పిల్లలకు తక్షీఫ్ ఎవరు? ఏజెంటు ప్రభుత్వంలో రిజిస్టరు అయినవాడా కాదా అని ముందే చూసేది ఎవరు? కమిటీ వారిని నేను కోరేది ఒకటే. ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టండి. వెళ్ళేవారి పాస్‌పోర్టు నకలు, కాంట్రాక్టు నకలు, ఏజెంటు పేరు, అక్కడి యజమాని చిరునామా, అదే ఊళ్ళో ఇప్పటికే ఉన్న మనవాడి ఫోన్ నంబరు అందులో ఉండాలి. అరబ్బీలో, ఇంగ్లీషులో ఉన్న కాంట్రాక్టు కాగితం చదివి చెప్పగలవారు మనలో నలుగురైదుగురు ఉన్నారు. ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత నేను వచ్చి కూర్చుంటాను. సంతకం పెట్టకముందే కాగితాలు తీసుకురండి. సెలవు.